ఈ నెల మీ ప్రశ్నలు: వేడి ఎంత, అది ఎక్కడికి పోయింది?

ఎండాకాలం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వేడి గురించే. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒక్కరిది తీసుకున్నాం. చాలా లెక్కలకు రెండే అంకెలు గుర్తుంటే చాలు. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.186 కిలోజౌళ్ళు కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్ళు.

ప్ర: మా బాబు పదో తరగతి. పరీక్షలో ‘వేడినీళ్ళలో ఉష్ణం ఎక్కువ ఉంటుంది’ అని రాస్తే టీచరు మార్కు కోసేశారు. ఉష్ణం, ఉష్ణోగ్రత, ఉష్ణశక్తి మూడూ వేరువేరట. నాకైతే మూడూ ఒకటిగానే కనిపిస్తున్నాయి.
— ఒక తల్లి, మల్కాజిగిరి

జ: తప్పు మీదీ కాదు, బాబుదీ కాదు, మన మాటది. తెలుగులో ‘వేడి’ అన్న ఒక్క మాటే మూడు పనులూ చేస్తుంది. (మామిడిపళ్ళు ఎక్కువ తిని ‘వేడి చేసింది’ అంటాం చూడండి, అది నాలుగోది. దానికీ థర్మామీటర్‌కూ చుట్టరికం లేదు.) అయినా టీచరు మార్కు కోయడం న్యాయమే.

వానాకాలంలో పేపరు తిరగేయండి. ఒక్కో జలాశయానికి మూడు అంకెలు వేస్తారు: నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో, ఇన్‌ఫ్లో క్యూసెక్కుల్లో. గండిపేట పూర్తి మట్టం 1790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులే, నిల్వ మాత్రం 312 టీఎంసీలు. మట్టంలో గండిపేట మూడింతలు పైన ఉంది. నీళ్ళలో సాగర్ ఎనభై గండిపేటల పెట్టు.

మట్టం ఉష్ణోగ్రత లాంటిది. నిల్వ ఉష్ణశక్తి. పైనుంచి వచ్చి చేరుతున్న నీరు ఉష్ణం. వచ్చేటప్పుడే దాని పేరు ఇన్‌ఫ్లో, చేరాక అది నిల్వే. సాగర్‌లో ఇన్ని టీఎంసీల ఇన్‌ఫ్లో నిల్వ ఉందని ఎవరూ రాయరు. అలాగే వస్తువులో ఉష్ణం ‘ఉండదు’. ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న వస్తువు నుంచి తక్కువ ఉన్నదానికి శక్తి ప్రవహిస్తున్నంతసేపే దాన్ని ఉష్ణం అంటాం. క్యూసెక్కు వేగాన్ని చెబుతుంది, సెకనుకు ఎంత అని. దానికి జోడీ వాట్, అంటే సెకనుకు ఒక జౌలు.

మరి వస్తువులో ఉన్నదేమిటి? దాని అణువులు ఊరికే ఉండవు, కదులుతూ, కంపిస్తూ, ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. ఆ సందడిలో ఉన్న మొత్తం శక్తి ఉష్ణశక్తి. ఒక్కో అణువు సగటున ఎంత జోరుగా కదులుతోందో చెప్పేది ఉష్ణోగ్రత.

దీపావళికి కాకరపువ్వొత్తి రవ్వలు చేతిమీద పడినా చురుక్కుమని ఊరుకుంటాయి. రవ్వ వేడి 1000 డిగ్రీల పైమాటే. కానీ మిల్లీమీటరులో పదోవంతు ఉండే ఆ ఇనుప రవ్వ బరువు గ్రాములో లక్షో వంతు కూడా ఉండదు, అది చేతికి ఇచ్చేది జౌలులో వెయ్యో వంతుల్లోనే. అదే 90 డిగ్రీల నీళ్ళు ఒక చెంచా, అంటే 5 గ్రాములు, చేతిమీద పడితే 1,100 జౌళ్ళకు పైగా దిగుతాయి. బొబ్బ ఖాయం. (కాలిపోయిన కాకరపువ్వొత్తి కమ్మీ సంగతి వేరు. దానికి బరువుంది, దాన్ని పట్టుకోకూడదు.)

జలాశయం పోలిక ఒకచోట తప్పుతుంది, అదీ బాబుకు చెప్పండి. కరుగుతున్న మంచులోకి ఇన్‌ఫ్లో వస్తూనే ఉంటుంది, మట్టం మాత్రం సున్నా డిగ్రీల దగ్గర కదలదు. కిలో మంచు కరిగేలోపు 334 కిలోజౌళ్ళు మింగుతుంది. అంత ఉష్ణంతో కిలో నీటిని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీలదాకా తీసుకెళ్ళొచ్చు. ఆ మింగినదే గుప్తోష్ణం. మన ప్రశ్నపత్రాల్లో సగం మార్కులు అక్కడే పోతాయి.

ప్ర: మిశ్రమాల పద్ధతిలో ఇత్తడి విశిష్టోష్ణం (కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన జౌళ్ళు) ఇంట్లోనే కనుక్కుందామని చేశాను. 300 గ్రాముల ఇత్తడి నట్లు మరుగుతున్న నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, పేపరు కప్పులో ఉన్న 100 గ్రాముల నీళ్ళలో వేశాను. నీళ్ళు 27 నుంచి 43.5 డిగ్రీలకు వచ్చాయి. లెక్క వేస్తే 408 వచ్చింది. పుస్తకంలో దాదాపు 380 ఉంది. ఎక్కడ తప్పాను?
— పదో తరగతి విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జ: అంకెలన్నీ రాసి పంపినందుకు ముందు నీకు శభాష్. అంకెలు ఉంటేనే తప్పు ఎక్కడుందో పట్టుకోగలం.

నీళ్ళు తీసుకున్న ఉష్ణం: 0.1 × 4186 × 16.5 = 6,907 జౌళ్ళు. నట్లు 100 నుంచి 43.5కు దిగాయనుకున్నావు, అంటే 56.5 డిగ్రీలు. 6,907ను 0.3 × 56.5తో భాగిస్తే 408. లెక్క సరిగ్గానే ఉంది.

మొదటి అనుమానం ఆ 100 మీద. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకు మరుగుస్థానం ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది కాబట్టి మన వంటింట్లో నీళ్ళు 98 డిగ్రీలకే మరిగిపోతాయి. పుస్తకంలోని 100 సముద్రతీరం అంకె. సరే, 98 పెట్టి చూద్దాం: 6,907 ÷ (0.3 × 54.5) = 422. తప్పు దిద్దితే జవాబు ఇంకా పాడైంది! ఇక్కడ చాలామంది ‘అయితే 100 పెట్టడమే మంచిది’ అనుకుని వెనక్కి వెళ్ళిపోతారు. వెళ్ళకు. ఇంకో తప్పు దాక్కుని ఉందని దీని అర్థం.

నట్లను మరిగే నీళ్ళలోంచి తీసి అలాగే కప్పులో వేశావు. నట్టు మరల్లో, బొక్కలో, పైన తడి ఉంటుంది. 300 గ్రాముల చిన్న నట్లకు 3 గ్రాముల వేడినీళ్ళు అంటుకుని రావడం మామూలే. మూడే గ్రాములు కదా అనుకోకు. గ్రాముకు గ్రాము చూస్తే నీళ్ళు ఇత్తడికి పదకొండు రెట్లు ఉష్ణాన్ని మోస్తాయి. 3 × 4.186 × 54.5 = 684 జౌళ్ళు ఆ తడే తెచ్చింది. దాన్ని తీసేస్తే ఇత్తడి ఇచ్చింది 6,223. దీన్ని 0.3 × 54.5తో భాగించు: 381.

మూడు గ్రాములన్నది మా ఊహ. నువ్వు తూచి చూడాలి. ముందు కప్పు, నీళ్ళు కలిపి తూచు. పొడి నట్లు విడిగా తూచు. ప్రయోగం అయిపోయాక మొత్తం మళ్ళీ తూచు. పెరిగిన బరువులోంచి నట్ల బరువు తీసేస్తే అంటుకొచ్చిన తడి ఎంతో తెలుస్తుంది. కిరాణా కాటా చాలదు, ఒక గ్రాముదాకా చూపే కిచెన్ స్కేలు కావాలి.

ఇంతకంటే మంచి దారి నట్లను అసలు తడపకుండా ఉండటం. సన్నటి స్టీలు గ్లాసులో పొడి నట్లు పోసి, మూత పెట్టి, ఆ గ్లాసును మరిగే నీళ్ళ గిన్నెలో మెడదాకా దించు. కనీసం 15 నిమిషాలు ఆగు. నట్లు 98కి చేరకపోవచ్చు, 94 దగ్గరే ఆగవచ్చు. అందుకే ప్రయోగశాల థర్మామీటర్‌ను నట్ల మధ్యలో గుచ్చి చూసి, వచ్చిన అంకెనే లెక్కలో వాడు. జ్వరం చూసే థర్మామీటర్ 42 డిగ్రీలదాకానే చూపుతుంది. దాన్ని ఇందులో పెడితే పగులుతుంది. తర్వాత మూడు సెకన్లలో నట్లు కప్పులోకి ఒంపేయాలి. మెల్లగా కలుపుతూ అత్యధిక అంకె చూడాలి, చివరి అంకె కాదు.

ఇంకో సంగతి. ఇదే ప్రయోగాన్ని నీ స్నేహితులెవరైనా 80 గ్రాముల స్టీలు గ్లాసులో, తడి నట్లతో చేసి ఉంటే 385 వచ్చి ఉంటుంది! గ్లాసు కూడా వేడెక్కడానికి 600 జౌళ్ళకు పైగా తీసుకుంటుంది, దాన్ని లెక్కలో వేయలేదు. తడి నట్లు దాదాపు అంతే ఎక్కువ తెచ్చాయి, దాన్నీ వేయలేదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకున్నాయి. వాళ్ళ రికార్డుకు పది మార్కులు పడతాయి. నీ 408 దానికంటే నిజాయితీ అయిన జవాబు.

ప్ర: 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్ ఉంది. రోజంతా ఆన్‌లో ఉంచితేనే బిల్లు తక్కువ అని ఎలక్ట్రీషియన్ అంటాడు. మళ్ళీమళ్ళీ వేడి చేయక్కర్లేదట. 3000 వాట్లది కొంటే ఖర్చు పెరుగుతుందా? మాది బోరు నీళ్ళు.
— ఒక గృహస్థు, కూకట్‌పల్లి

జ: 15 లీటర్లను 25 నుంచి 55 డిగ్రీలకు తేవడానికి 15 × 4.186 × 30 = 1,884 కిలోజౌళ్ళు, అంటే 0.52 యూనిట్. 2000 వాట్లతో 16 నిమిషాలు పడుతుంది, 3000తో పదిన్నర. యూనిట్లు మాత్రం రెంటికీ అవే. వాట్లు తొందరను చెబుతాయి, ఖర్చును కాదు. బకెట్లో పెట్టే ఇమ్మర్షన్ రాడ్‌కూ లీటరుకు అంతే ఖర్చు. దాంతో భయం షాకు గురించే గాని బిల్లు గురించి కాదు.

రోజంతా ఆన్‌లో ఉంచడం శుద్ధ దండగ. ట్యాంకు నుంచి బయటికి కారే వేడి, నీటికీ గదికీ మధ్య ఉన్న డిగ్రీల తేడాను బట్టి ఉంటుంది. నీళ్ళు వేడిగా ఉన్నంతసేపూ కారుతూనే ఉంటుంది, ఆ కారినదంతా థర్మోస్టాట్ మళ్ళీమళ్ళీ నింపుతుంది. ఆపేస్తే నీళ్ళు చల్లారేకొద్దీ కారడమూ తగ్గుతుంది. గీజర్ మీద అంటించే స్టార్ లేబుల్ కొలిచేది ఈ నిలవ నష్టాన్నే, నీళ్ళు వేడెక్కే వేగాన్ని కాదు. స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, వెళ్ళేటప్పుడు ఆపేయండి. 55 డిగ్రీల 15 లీటర్లలో 25 డిగ్రీల చన్నీళ్ళు 15 లీటర్లు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 30 లీటర్లు వస్తాయి. ఇద్దరికి చాలు. థర్మోస్టాట్‌ను 70కి తిప్పి పెట్టే పనేమీ లేదు.

బోరు నీళ్ళ గార గురించి ఒక అపోహ ఉంది: గార పడితే కరెంటు విపరీతంగా కాలుతుందని. గ్యాసు పొయ్యి మీద గిన్నెకైతే అది నిజమే, గార అడ్డుపడితే మంట వేడి పక్కలనుంచి గాలిలోకి పోతుంది. గీజర్ ఎలిమెంటు నీళ్ళ మధ్యలోనే ఉంది, దాని వేడికి నీళ్ళలోకి తప్ప వేరే దారి లేదు. కాబట్టి యూనిట్లు పెద్దగా పెరగవు. నష్టం ఎలిమెంటుకు. గార పొర కింద వేడి ఆగిపోయి, తొడుగు లోపల ఉష్ణోగ్రత పెరిగిపోయి, ఒకరోజు పగిలి ఎర్త్ అవుతుంది. లోపల టకటకమని, సణుగుతున్నట్టు చప్పుడు మొదలైతే గార దండిగా పట్టినట్టే. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించండి.

ప్ర: నిరుడు ఏప్రిల్‌లో కొన్న కుండ మేలో నీళ్ళు ఎంత చల్లగా ఇచ్చిందో! జులై వచ్చేసరికి పనిచేయడం మానేసింది. ఎయిర్ కూలర్ కూడా అంతే. రెండూ పాడయ్యాయా?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జ: రెండూ బాగానే ఉన్నాయి, గాలి మారింది. కుండ మట్టి రంధ్రాల్లోంచి ఊరిన తడి ఇగిరిపోతూ గ్రాముకు 2,400 జౌళ్ళకు పైగా పట్టుకుపోతుంది. 10 లీటర్ల నీరు 10 డిగ్రీలు చల్లబడాలంటే లెక్కకు 175 మిల్లీలీటర్లు ఇగిరితే చాలు. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే పోతుంది.

కానీ గాలిలో చోటుంటేనే తడి ఇగురుతుంది. మేలో 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం నీళ్ళు 23 డిగ్రీలదాకా దిగగలవు. జులైలో 31 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 28 దగ్గరే ఆగిపోతాయి. 40లో 23 అంటే అమృతం. 31లో 28 అంటే పంపు నీళ్ళే. మీ ఇంట్లో ఈరోజు హద్దు ఎంతో చూడాలంటే థర్మామీటర్ బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఉంచండి. అంకె ఎక్కడ ఆగితే అంతకంటే కిందికి కుండా దిగదు, కూలరూ దించదు.

మేలోనే చల్లబడకపోతే మాత్రం కుండది తప్పే. పైన రంగు వేసినవి, నున్నగా పాలిష్ పట్టినవి కొనకండి. బోరు నీళ్ళు పోస్తే నెల తిరిగేసరికి బయట తెల్లటి ఉప్పు తెట్టు కట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. కొబ్బరిపీచుతో రుద్దండి, సబ్బు వద్దు, అది మట్టిలోకి పోతుంది. కుండను తడి ఇసుక మీద, నీడలో, గాలి ఆడేచోట పెట్టాలి. అలమరాలో పెట్టిన కుండ ఏం చేస్తుంది పాపం.

కూలర్‌తో జరిగే పొరపాటు తలుపులు బిగించుకోవడం. పావుగంటలో గది గాలి తేమతో నిండిపోతుంది, ఇక చల్లబరచడానికేమీ మిగలదు. కూలర్ వెనకభాగం కిటికీలో ఉండాలి, ఎదురు కిటికీ జానెడు తెరిచి ఉండాలి.

ప్ర: పై అంతస్తులో ఉంటాం. ఎండ ఐదింటికే తగ్గుతుంది, స్లాబు మాత్రం రాత్రి పదకొండుకూ సెగలు కక్కుతుంది. సాయంత్రం పైన బకెట్లకొద్దీ నీళ్ళు కుమ్మరిస్తున్నాం. మేలో నీళ్ళ ట్యాంకర్ ధర మీకు తెలియనిది కాదు. ఉపాయం చెప్పండి.
— అద్దెకుండేవారు, బోడుప్పల్

జ: ఐదంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల బరువుంటుంది. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 270 కిలోజౌళ్ళు కావాలి. పగలంతా సగటున 12 డిగ్రీలు పెరిగిందనుకుంటే చదరపు మీటరుకు 3,240 కిలోజౌళ్ళు, అంటే 0.9 యూనిట్. వంద గజాల స్లాబుకు 75 యూనిట్లు. మీ తలమీద రోజూ అంత హీటరు చార్జ్ అవుతోంది.

పైన పడిన వేడి కిందికి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పైభాగం మధ్యాహ్నం ఒకటి రెండింటికి కాగిపోతే, లోపలి సీలింగు ఐదారింటికి ముదురుతుంది. అప్పటినుంచి అది రెండువైపులా ఖాళీ అవుతుంది, కొంత ఆకాశానికి, కొంత మీకు. ఫ్యాను వేసినా హాయి ఉండదు ఎందుకంటే ఆ వేడి గాలితో రావడం లేదు, వికిరణంగా నేరుగా ఒంటిమీదికి వస్తోంది. 40 డిగ్రీల సీలింగు, 30 డిగ్రీల సీలింగు కంటే చదరపు మీటరుకు 60 వాట్లకు పైగా ఎక్కువ కురిపిస్తుంది. గాలి విసిరితే అది పక్కకు పోదు.

ఇక బకెట్లు. లీటరు నీరు స్లాబు మీద పడి, 10 డిగ్రీలు వేడెక్కి, తూములోంచి పోతే పట్టుకెళ్ళేది 42 కిలోజౌళ్ళు. అదే లీటరు అక్కడే ఇగిరిపోతే 2,400 కిలోజౌళ్ళు తీసుకుపోతుంది. అరవై రెట్లకు దగ్గర తేడా. మీరు కుమ్మరిస్తున్న నీళ్ళలో ఎక్కువభాగం కాలవ పాలవుతోంది. చదరపు మీటరుకు 1.35 లీటర్లు ఇగిరితే పగటి వేడంతా పోయినట్టే, వంద గజాలకు సుమారు 113 లీటర్లు. పడకగది పైన మాత్రమే చేస్తే ఇందులో ఐదోవంతు చాలు. పాత గోనెపట్టాలు పరచి, సాయంత్రం ఐదు నుంచి గంటకోసారి చెంబుతో చిలకరించండి. తూములోంచి చుక్క కారిందంటే ఎక్కువ పోసినట్టు. పగుళ్ళున్న స్లాబైతే ఈ పని చేయొద్దు, చువ్వలు తుప్పు పడతాయి.

వేడిని ఎక్కాక దించడం కంటే ఎక్కనీయకపోవడం తేలిక. మే మధ్యాహ్నం చదరపు మీటరుకు 900 వాట్లకు పైగా ఎండ పడుతుంది. మాసిపోయిన కాంక్రీటు అందులో 70 శాతం దాకా పీల్చుకుంటుంది. కొత్త తెల్లపూత పావువంతు కూడా పీల్చదు. అద్దె ఇల్లు కాబట్టి ఖరీదైన కూల్‌రూఫ్ పెయింటు ఓనరును ఒప్పించి వేయించాలి. లేదా సున్నం. సున్నాన్ని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, పట్టు కోసం జిగురు కలిపి, ఊడ్చి కడిగి ఆరిన స్లాబు మీద రెండు పూతలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేయండి. ఫిబ్రవరి చివర్లో వేస్తే ఆ ఎండాకాలం గడుస్తుంది, వానలకు పోతుంది. నెలకోసారి దుమ్ము కడగాలి, మట్టిరంగు పట్టిన తెలుపు తెలుపు కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్ళకు కూల్‌రూఫ్ విధానం తెచ్చింది కూడా, ఓనరుతో మాట్లాడేటప్పుడు ఆ మాట పనికొస్తుంది.

ప్ర: ఇడ్లీ పిండి మిక్సీలో రుబ్బితే కాగిపోతుంది, గ్రైండర్‌లో కాగదు. మిక్సీ కింద పొయ్యి లేదు కదా, ఆ వేడి ఎక్కడిది?
— ఒక పాఠకురాలు, నల్లకుంట

జ: సరిగ్గా ఈ ప్రశ్నే 1798లో రంఫర్డ్ అనే ఆయన మ్యూనిక్ ఫిరంగుల కార్ఖానా గురించి అడిగాడు. ఫిరంగి గొట్టాన్ని తొలుస్తుంటే వేడి అదేపనిగా పుడుతూనే ఉంది. వేడి అనేది లోహంలో దాగిన ద్రవమైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా అని ఆయన వాదన. తొలిచే పనే వేడిగా మారుతోంది. మిక్సీలోనూ అంతే.

750 వాట్ల మిక్సీలో జారులోకి 400 వాట్లు దిగాయనుకుందాం. మూడు నిమిషాలు ఆపకుండా తిప్పితే 72 కిలోజౌళ్ళు. కిలో పిండి 20 డిగ్రీలు పెరుగుతుంది: 27 నుంచి 47కు. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు ఆ వేడికి డీలాపడతాయి. గ్రైండర్ మోటారు 150 వాట్లది, పిండి మూడు నాలుగు కిలోలు, పైగా వేడిని పంచుకోవడానికి బరువైన రాళ్ళున్నాయి. అరగంట తిరిగినా ఏడెనిమిది డిగ్రీలకు మించదు. మిక్సీయే గతి అయితే ఐసునీళ్ళు వాడండి, 40 సెకన్లకోసారి ఆపండి. 100 గ్రాముల ఐసు ముక్కలు కరిగేటప్పుడే 33 కిలోజౌళ్ళు మింగుతాయి, దాదాపు సగం వేడి అక్కడే తీరిపోతుంది.

ప్ర: మరిగే నీళ్ళకంటే ఇడ్లీ పాత్ర ఆవిరే ఎక్కువ కాలుస్తుందెందుకు?
— వనస్థలిపురం

జ: గ్రాము మరిగే నీళ్ళు చర్మం వేడికి దిగేలోపు 255 జౌళ్ళు ఇస్తాయి. గ్రాము ఆవిరి ముందు నీరుగా మారుతూ 2,260 ఇచ్చి, తర్వాత ఆ 255 కూడా ఇస్తుంది. పాత్ర మీద తెల్లగా కనిపించేది ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి నీరైన తుంపర. అసలు ఆవిరి మూత అంచు దగ్గర, కంటికి కనపడని ఆ ఖాళీలో ఉంటుంది. మూతను మీకు అవతలివైపు నుంచి ఎత్తండి. కాలితే 20 నిమిషాలు కుళాయి ధార కింద పెట్టండి. టూత్‌పేస్టు, ఐసు వద్దు.

ప్ర: కచ్చి దమ్ బిర్యానీ ఇంట్లో చేస్తే అడుగు మాడుతుంది, పైన అన్నం పలుకుగా ఉంటుంది. గిన్నె కింద పెనం పెట్టమంటారు. పెనం ఏం చేస్తుంది?
— కొత్తగా వంట నేర్చుకుంటున్న యువకుడు, టోలీచౌకి

జ: దమ్‌లో వేడిని మోసేది ఆవిరి. అడుగున పెరుగు, మాంసం వదిలిన నీరు మరిగి, ఆవిరై పైకి వెళ్ళి, చల్లటి అన్నానికి తగిలి నీరై, గుప్తోష్ణాన్ని అక్కడ దించి కిందికి జారుతుంది. అడుగున నీరు ఉన్నంతసేపూ అక్కడి వేడి 98 డిగ్రీలు దాటదు. నీరు అయిపోయిన చోట ఆ కళ్ళెం తెగిపోతుంది, నిమిషాల్లో 150, 200కు ఎగబాకుతుంది. మాడు అంటే అదే.

గ్యాసు బర్నరు మంట ఉంగరంలా ఒకేచోట తగులుతుంది. పలచటి అల్యూమినియం గిన్నెలో ఆ ఉంగరం పైనున్న నీరు ముందు ఆరిపోతుంది, మధ్యలో ఇంకా తడి ఉంటుంది. నాలుగైదు మిల్లీమీటర్ల మందమున్న ఇనప పెనం ఆ వేడిని పక్కలకు పరుస్తుంది, పెనానికీ గిన్నెకూ మధ్య ఉన్న సన్నటి గాలి పొర ఉరవడి తగ్గిస్తుంది. పిండితో అంచు మూయడం కూడా ఇందుకే, బయటికి పోయిన ప్రతి గ్రాము ఆవిరీ 2,260 జౌళ్ళతో పాటు అడుగు నీటినీ పట్టుకుపోతుంది. మూత మీద నిప్పులు వేస్తే మూత వేడెక్కుతుంది, ఆవిరి మూతకు పట్టి చుక్కలుగా రాలకుండా అన్నం మీదే నీరవుతుంది. నిప్పులు లేకపోతే మూత మీద మరిగే నీళ్ళ గిన్నె పెట్టండి. సగం పని జరుగుతుంది.

అంచునుంచి ఆవిరి తొలిసారి తన్నేదాకా పెద్ద మంట మీద గిన్నెను నేరుగా పెట్టండి. తర్వాత ముందే కాచి ఉంచిన పెనం మీదికి మార్చి, సన్నని మంట మీద 30 నుంచి 40 నిమిషాలు. చల్లటి పెనం పెడితే మొదటి పది నిమిషాలు పెనమే తినేస్తుంది, మీ పలుకు అన్నం రహస్యం బహుశా అదే.

మాడు వాసన తగలగానే స్టవ్ కట్టేసి ఊరుకుంటే లాభం లేదు. 250 డిగ్రీల దగ్గరున్న రెండు కిలోల పెనం 100కు దిగేలోపు 135 కిలోజౌళ్ళు పైకి పంపుతుంది, ఇంకో 60 గ్రాముల నీటిని ఇగిర్చేయడానికి అది చాలు. గిన్నెను వెంటనే దించి తడి గుడ్డ మీద పెట్టండి. మూత మాత్రం పది నిమిషాలు తీయకండి.